నూతిలో కప్పకే క్షేమం!

పెళ్లయి నెలన్నర దాటింది. అమ్మాయి కాపురానికి వెళ్లిపోయింది. పందిరి గుంజల గుంతలు కూడా పూడిపోయాయి. ఆల్బమ్ మాత్రం ఇంటికి రాలేదు. 'ఏమయ్యా, ఇంకెప్పుడిస్తావ్?' అంటూ పెళ్లికూతురి తండ్రి స్టూడియో చుట్టూ తిరుగుతుంటాడు. 'ల్యాబ్‌కి పంపానండీ... రేపో మాపో వచ్చేస్తుంది' అంటాడు ఫొటోగ్రాఫర్.

తెలుగు ఇళ్లలో అందరికీ అనుభవమైన మాటలే ఇవి. అయితే ఆ 'పంపడం' వెనక ఏం జరుగుతుందన్నది చాలామందికి తెలియదు. పెళ్లి ఫొటోలంటే నాలుగో అయిదో కాదు. బిందె నీళ్ల దగ్గర్నుంచి అప్పగింతల దాకా వేలల్లో ఉంటాయి. అన్నింటినీ ఈమెయిల్లో పంపడం కుదరదు. అందుకే పెద్ద ల్యాబ్‌లు తమ దగ్గర ఓ కంప్యూటర్ని ఇరవైనాలుగు గంటలూ ఇంటర్నెట్‌కి తగిలించి ఉంచుతాయి. ఒక్కో స్టూడియోకి ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డ్ ఇస్తాయి. స్టూడియోవాళ్లు రాత్రిపూట ఫైళ్లన్నీ ఎక్కించేసి పడుకుంటారు. పొద్దున్నే ల్యాబ్‌వాళ్లు దించుకుని పని మొదలుపెడతారు. ఈ రాకపోకలకు వాడే పద్ధతి పేరే ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్... క్లుప్తంగా ఎఫ్‌టీపీ.

ఒక్క ల్యాబ్‌లే కాదు, ప్రెస్సులు, ఆడిటర్ల ఆఫీసులు, స్కానింగ్ సెంటర్లు కూడా ఇలాంటి సర్వర్లు పెట్టుకుంటాయి. పెట్టడం పెద్ద పనేం కాదు. ఓ పూటలో అయిపోతుంది. ఎవరు ఎంతవరకూ వెళ్లొచ్చో గీత గీయడం దగ్గరే వస్తుంది చిక్కంతా!

ఫోల్డర్ ఏమైంది?

విజయవాడలో అలాంటి ల్యాబ్ ఒకటి ఉందనుకుందాం. గుడివాడ, తెనాలి, నూజివీడు, మచిలీపట్నం... చుట్టుపక్కల ఊళ్లలోని నలభై స్టూడియోలు దాని ఖాతాదారులు. మాఘమాసం. ముహూర్తాల మీద ముహూర్తాలు. ఓ ఉదయం గుడివాడ నుంచి ఫోను.

'ఏమండీ, మా పెళ్లి ఫోల్డర్ కనబడట్లేదు. మొన్న రాత్రి ఎక్కించాను కదా!'

'మీరు పంపలేదేమో, చూసుకోండి' అన్నాడు ల్యాబ్ యజమాని.

'పంపానండీ బాబూ! నిన్న పొద్దున కూడా చూశాను, ఉంది. మీ దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని కార్డులు చెరిపేసి వేరే పెళ్లికి వాడేశాను. సిస్టంలో చోటు లేక అక్కడా తీసేశాను...' అవతలి గొంతు వణుకుతోంది.

విషయం అక్కడితో ఆగలేదు. ఆ పెళ్లిలో మనవరాలికి అక్షింతలు వేసి దీవించిన తాతగారు వారం తిరక్కుండానే కన్నుమూశారు. ఆయన ఆఖరి ఫొటోలు ఆ ఫోల్డర్లోనే ఉన్నాయి. ఆల్బమ్ ఆలస్యమైతే సర్దిచెప్పుకోవచ్చు. ఈ ఫొటోలు పోయాయని ఆ ఇంటివాళ్లకి ఏమని చెబుతారు?

యజమాని తల పట్టుకున్నాడు. ఇంజినీరింగ్ పూర్తిచేసి ఇంటికొచ్చిన మేనల్లుణ్ని పిలిచాడు. 'ఒరేయ్ అబ్బాయ్, కాస్త చూసిపెట్టరా. ఈ సర్వర్ పెట్టిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు.'

కుర్రాడు గంటసేపు వెతికాడు. ఆ ఫోల్డర్ దొరికింది. గుడివాడ గదిలో కాదు, తెనాలి స్టూడియో గదిలో! ఇక చూడండి, గుడివాడ ఫొటోగ్రాఫర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. 'మా డిజైన్లు కాజేద్దామనుకున్నారా?' అని అటు ఫోను. 'మేమెందుకు తీస్తాం?' అని ఇటు కేకలు.

సర్వర్ తన దినచర్యని ఓ ఫైల్లో రాసుకుంటుంది. దాన్నే లాగ్ అంటారు. అది తెరిస్తే అసలు సంగతి బయటపడింది. తెనాలి స్టూడియోలో పనిచేసే అబ్బాయి తన ఫోల్డర్ తెరవబోయి, జాబితాలో అన్నింటికన్నా పైన కనిపించే రెండు చుక్కల మీద నొక్కాడు. రెండు చుక్కలంటే 'ఒక మెట్టు పైకి' అని. అంతే... నలభై స్టూడియోల ఫోల్డర్లూ కళ్లముందు వరసగా పరుచుకున్నాయి. గుడివాడవాళ్ల ఫోల్డర్లోకి తొంగిచూశాడు. మౌస్ జారింది. పెళ్లి ఫోల్డర్ లేచి వెళ్లి వీళ్ల ఫోల్డర్లో పడింది. దొంగతనం కాదు, చెయ్యి జారడం. అదృష్టం కొద్దీ జరిగింది తరలింపే. అదే 'డిలీట్' మీద పడి ఉంటే? ఎఫ్‌టీపీలో చెత్తబుట్ట ఉండదు. చెరిపితే చెరిపినట్టే!

'మావయ్యా, నలభై గదులకీ నలభై తాళాలు పెట్టాం సరే... గోడలు కట్టడమే మరిచిపోయాం' అన్నాడు మేనల్లుడు.

గోడల్లేని ఇల్లు

ఆ మాట అర్థం కావాలంటే లినక్స్ కంప్యూటర్లో ఫైళ్లు ఎలా అమరి ఉంటాయో కొంచెం తెలుసుకోవాలి. అది తలకిందులుగా వేలాడే చెట్టులాంటిది. అన్నింటికన్నా పైన వేరు. దాని పేరే రూట్. ఓ ఏటవాలు గీతతో రాస్తారు. దాని కింద కొమ్మలు: 'హోమ్' అనేది ఒకటి, సిస్టం సెట్టింగులుండే 'ఈటీసీ' మరొకటి, ఇంకా ఎన్నో. హోమ్ కింద ఒక్కో యూజర్‌కి ఒక్కో గది. దాన్నే హోమ్ డైరెక్టరీ అంటారు.

యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి రాగానే సర్వర్ అతణ్ని సొంత గదిలో దించుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. గదిలో దించింది కాబట్టి అతడు అక్కడే ఉండిపోతాడనుకుంటారు. ఉండక్కర్లేదు! లాడ్జిలో గది ఇచ్చినంత మాత్రాన వరండాలోకి రావద్దని కాదు కదా. రెండు చుక్కలు నొక్కితే హోమ్‌లోకి, మళ్లీ నొక్కితే వేరు దగ్గరికి వెళ్లొచ్చు. అక్కణ్నుంచి ఏ కొమ్మ మీదికైనా దిగొచ్చు. ఏది తెరుచుకుంటుందో, ఏది తెరుచుకోదో చెప్పేది ఆ గది తలుపు మీదున్న అనుమతులు మాత్రమే.

ఈ అనుమతుల లెక్క ఎక్కాలంత తేలిక. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి అడుగు పెట్టడానికి 1. మూడూ ఉంటే 7. చదవడం, అడుగుపెట్టడం మాత్రమే అయితే 5. ఏమీ లేకపోతే సున్నా. ఈ అంకెల్ని మూడేసి చొప్పున రాస్తారు. మొదటిది యజమానికి, రెండోది అతడి గ్రూపుకి, మూడోది ఊళ్లో అందరికీ. 755 అంటే యజమాని ఏదైనా చేయొచ్చు, మిగతావాళ్లు వచ్చి చూసి వెళ్లొచ్చు. 750 అంటే బయటివాళ్లకి ప్రవేశం లేదు. 700 అంటే యజమాని తప్ప ఈగ కూడా దూరదు.

చాలా లినక్స్‌లలో హోమ్ డైరెక్టరీలు ఏళ్ల తరబడి 755తోనే పుట్టేవి. ఉబుంటు కూడా అంతే. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 నుంచే అది కొత్త యూజర్ల గదులకి 750 ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి పాత సర్వర్ ఏదైనా ఉంటే ముందుగా చూసుకోవాల్సింది ఈ అంకెల్నే.

మూడు ఏడుల ముచ్చట

755 ఉంటే తొంగిచూడొచ్చు గానీ, తీసుకుపోవడం కుదరదు కదా? మరి తెనాలి అబ్బాయి చేతికి ఫోల్డర్ ఎలా కదిలింది?

దానికో కథ ఉంది. సర్వర్ పెట్టిన కొత్తల్లో ఓ స్టూడియోకి ఫైళ్లు ఎక్కలేదు. 'అనుమతి లేదు' అని వచ్చింది. బయట సీజను. ఫోన్ల మీద ఫోన్లు. అసలు కారణం వెతికే ఓపిక లేని ఆ కుర్రాడు, అన్ని ఫోల్డర్లకీ ఒక్క దెబ్బతో 777 ఇచ్చేశాడు. ఇకముందు వచ్చే కొత్త ఫోల్డర్లు కూడా 777తోనే పుట్టేలా సెట్టింగ్ మార్చేశాడు. ఫైళ్లు ఎక్కాయి. అందరూ 'భలే' అన్నారు.

777 అంటే ఎవరైనా రావచ్చు, చదవొచ్చు, రాయొచ్చు, తీసేయొచ్చు. ధర్మసత్రానికైనా రాత్రిపూట తలుపు వేస్తారు. దీనికి అదీ లేదు! ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు, ఒక్క ఫోల్డర్ చిక్కు తీర్చడానికి మొత్తం సర్వర్ని బార్లా తెరిచిపెట్టాడన్నమాట. ఫోల్డర్ యజమానిగా ఎవరి పేరు ఉందో చూసి సరిచేసి ఉంటే రెండు నిమిషాల్లో పోయే సమస్య అది.

అలహాబాద్ కుర్రాడు... అమెరికా రహదారి

ఇంతకీ ఈ ఎఫ్‌టీపీని మొదట రాసింది మనవాడే. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. 1971 ఏప్రిల్‌లో ఆయన రాసిన పత్రమే దీనికి పునాది. ఇంటర్నెట్‌కి తాత అనదగ్గ ఆర్పానెట్ నడుస్తున్న రోజులవి. దాని మీద ఉన్నవి కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు. దొంగల భయం లేని ఊళ్లో తలుపులు బార్లా తెరిచి పడుకున్నట్టే ఉండేది. ఆ తర్వాత 1985లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ దాన్ని సవరించి రాశారు. ఇప్పటికీ ఆధారం అదే.

యూజర్ని ఓ చోట కట్టిపడేసే ఉపాయం యునిక్స్ నుంచి వచ్చింది. 1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన ఏడో యునిక్స్‌లో 'సీహెచ్‌రూట్' అనే ఆదేశం ఉంది. చేంజ్ రూట్ అన్నమాటకి అది పొట్టిపేరు. అంటే వేరునే మార్చేయడం! ఓ ప్రోగ్రామ్‌కి 'నీ లోకం ఈ డైరెక్టరీతో మొదలవుతుంది' అని చెప్పేస్తే, ఇక దానికి అంతకన్నా పైన ఇంకోటి ఉందన్న సంగతే తెలియదు. రెండు చుక్కలు ఎన్నిసార్లు నొక్కినా ఉన్నచోటే ఉంటుంది. తలుపు వేసి తాళం పెట్టడం వేరు. అసలు అక్కడ తలుపు ఉన్నట్టే తెలియకపోవడం వేరు.

నూతిలో కప్పకి నుయ్యే ప్రపంచం అని ఎగతాళి చేస్తాం. సర్వర్ విషయంలో మాత్రం ప్రతి యూజర్నీ నూతిలో కప్పని చేయడమే తెలివైన పని!

1991 జనవరిలో బెల్ ల్యాబ్స్‌లోనే ఇంకో తమాషా జరిగింది. తమ కంప్యూటర్లోకి చొరబడాలని చూస్తున్న ఓ ఆగంతకుణ్ని తరిమేయకుండా, అక్కడి నిపుణుడు బిల్ చెస్విక్ అతడి కోసం ఓ ఉత్తుత్తి ప్రపంచాన్ని సీహెచ్‌రూట్‌తో కట్టి, అందులో తిరగనిచ్చి, ఏం చేస్తాడో గమనించారు. ఆ కట్టడాన్ని ఆయన 'జైలు' అన్నారు. యూజర్ని డైరెక్టరీకి పరిమితం చేయడాన్ని సాంకేతికులు ఇవాళ్టికీ జైలు అనే అంటారు.

నుయ్యి తవ్వేదెలా?

ల్యాబ్‌లో మేనల్లుడు చేసిన పని వరసగా చూద్దాం. ముందుగా ఫొటోలన్నింటినీ మరో హార్డ్‌డిస్క్‌లోకి నకలు తీశాడు. సెట్టింగుల ఫైలుకీ ఓ నకలు తీసిపెట్టుకున్నాడు. ఈ రెండూ అయ్యాకే అసలు పనిలో చెయ్యి పెట్టాడు.

అక్కడున్నది వీఎస్ఎఫ్‌టీపీడీ. 'వెరీ సెక్యూర్' అన్న మాటలు పేరులోనే ఉన్నా, యూజర్లని గదికి పరిమితం చేసే సెట్టింగ్ దానంతటదే అమలులో ఉండదు. మనమే చెప్పాలి. ఈటీసీ డైరెక్టరీ కింద ఉండే దాని సెట్టింగుల ఫైల్లో 'సీహెచ్‌రూట్ లోకల్ యూజర్' అనే వరస ఉంటుంది. దాన్ని 'యెస్' చేస్తే లోకల్ యూజర్లంతా ఎవరి గదిలో వాళ్లు బందీలవుతారు. పక్కనే 'ఎనానిమస్ ఎనేబుల్' అని మరో వరస. పేరూ ఊరూ లేనివాళ్లని లోపలికి రానివ్వాలా అన్న ప్రశ్న అది. అక్కడ 'నో' తప్ప వేరే జవాబు ఉండకూడదు.

ఓ చిన్న జాగ్రత్త. ఈ వరసల్లో సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఒక్క స్పేస్ పడ్డా ఈ సర్వర్‌కి అది తప్పే. అందంగా కనిపించాలని ఎడం ఇచ్చి గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో!

అసలు ఉచ్చు ఇంకోటి ఉంది. కొందరికి మినహాయింపు ఇవ్వాలనుకోండి. ఉదాహరణకి ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు నలభై గదుల్లోకీ వెళ్లాలి. అందుకోసం 'సీహెచ్‌రూట్ లిస్ట్' అనే జాబితా ఉంది. అందులో పేర్లు రాసి, 'సీహెచ్‌రూట్ లిస్ట్ ఎనేబుల్' దగ్గర యెస్ అనాలి. అయితే ఆ జాబితాకి అర్థం పరిస్థితిని బట్టి తిరగబడుతుంది. అందరినీ బందీ చేసే సెట్టింగ్ 'యెస్' అని ఉంటే, జాబితాలో ఉన్నవాళ్లు స్వేచ్ఛాజీవులు. అదే 'నో' అని ఉంటే, జాబితాలో ఉన్నవాళ్లే బందీలు! ఇది తెలియక నలభై స్టూడియోల పేర్లూ జాబితాలో రాసి, పైన యెస్ కూడా పెట్టేస్తే ఏమవుతుంది? బంధించాననుకున్న నలభై మందికీ తాళంచెవులు ఇచ్చినట్టు! తెరమీద ఏ పొరబాటూ కనిపించదు. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మేనల్లుడు అందులో రాసింది ఒకే ఒక్క పేరు.

'ఊప్స్' అంటే భయం వద్దు

సెట్టింగులు మార్చి సర్వర్ని మళ్లీ మొదలుపెట్టాడు. నూజివీడు స్టూడియో పేరుతో లోపలికి వెళ్లబోయాడు. తెరమీద '500 ఊప్స్' అని వచ్చింది. నిజంగానే ఈ సర్వర్ అలాగే అంటుంది! రాయడానికి వీలున్న గదిని జైలుగా మార్చడానికి ఒప్పుకోనని దాని భావం.

'ఇదేంట్రా, ఉన్నదీ పోయిందా?' అన్నాడు మేనమామ కంగారుగా.

'లేదు మావయ్యా, మంచికే చెబుతోంది' అన్నాడు కుర్రాడు.

కారణం ఇదీ. జైల్లోకి వెళ్లాక ప్రోగ్రామ్‌కి ఆ గదే వేరు. తనకు కావలసిన సెట్టింగుల కోసం, ఉపకరణాల కోసం ఆ వేరు కిందే వెతకొచ్చు. ఆ చోట ఏదైనా రాసే హక్కు యూజర్‌కి ఉంటే, దురుద్దేశం ఉన్నవాడు 'ఈటీసీ' అనో 'లిబ్' అనో నకిలీ ఫోల్డర్లు పెట్టి సర్వర్నే మోసం చేసే వీలుంది. జైలు గోడకి మేకులు కొట్టే హక్కు ఖైదీకి ఇవ్వకూడదు కదా! అందుకే 2011లో వచ్చిన 2.3.5 నుంచి వీఎస్ఎఫ్‌టీపీడీ ఈ పట్టు పడుతోంది. 2012 నాటి 3.0లో దీన్ని దాటేసే సెట్టింగ్ ఒకటి చేర్చారు. ఇంటర్నెట్‌లో వెతికితే చాలామంది చెప్పే సలహా ఆ సెట్టింగ్‌ని యెస్ చేసేయమనే. అది మళ్లీ 777 లాంటి అడ్డదారే.

సరైన దారి కష్టమేం కాదు. స్టూడియో గదికి యజమానిగా రూట్ పేరు పెట్టి, 755 ఇవ్వాలి. అంటే స్టూడియోవాళ్లు అందులోకి వచ్చి చూడగలరు గానీ, అక్కడ కొత్తగా ఏమీ పెట్టలేరు. ఆ గది లోపల 'ఫొటోలు' అని మరో ఫోల్డర్ తెరిచి, దాన్ని స్టూడియో పేరిట రాయాలి. ఎక్కించేవన్నీ అందులోకే. ఆ ఫోల్డర్‌కి గ్రూపుగా ల్యాబ్‌వాళ్ల గ్రూపు పెట్టి 750 ఇస్తే, స్టూడియో రాసుకోగలదు, ల్యాబ్ చదువుకోగలదు, మూడోవాడికి చోటు లేదు. కొత్తగా వచ్చే ఫోల్డర్లకీ అదే గ్రూపు అంటుకునేలా 'సెట్‌జీఐడీ' గుర్తు పెట్టాలి. వచ్చే ఫైళ్ల నుంచి ఇతరుల అనుమతులు కోసేసేలా యూమాస్క్‌ని 027 చేయాలి. 777 పీడ అక్కడితో వదులుతుంది.

అందరికీ కావలసిన అర

గోడలు కట్టాక కొత్త ఇబ్బంది ఒకటి ఎదురైంది. ఆల్బమ్ నమూనాలు, అట్టల డిజైన్లు, రేట్ల పట్టిక... ఇవి స్టూడియోలన్నింటికీ కావాలి. ఇదివరకు ఓ ఉమ్మడి ఫోల్డర్లో ఉంచి, ప్రతి గదిలోంచీ దానికి లింకు ఇచ్చారు. ఇప్పుడు ఆ లింకు నొక్కితే ఏమీ తెరుచుకోవట్లేదు. తెరుచుకోదు మరి! నూతిలో కప్పకి ఏరు ఎక్కడుందో చెప్పినా వెళ్లలేదు. లింకు చూపించే దారి జైలు బయట ఉంది.

దీనికి 'బైండ్ మౌంట్' అనే మార్గం ఉంది. బయటి ఫోల్డర్నే తెచ్చి గది లోపల అమర్చినట్టు చేస్తుందది. దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా పెడితే నమూనాలు అందరూ దించుకుంటారు, ఎవరూ చెరపలేరు.

పెరటి తలుపు సంగతి?

ముందు వాకిలి భద్రమైంది. చాలామంది ఇక్కడితో చేతులు దులుపుకుంటారు. కానీ ఎఫ్‌టీపీలో పెట్టిన జైలు ఎఫ్‌టీపీకే వర్తిస్తుంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఎస్ఎస్‌హెచ్ ద్వారా వస్తే? తిన్నగా సర్వర్ నడిబొడ్డున దిగుతాడు! అందుకే స్టూడియో ఖాతాలకి 'నోలాగిన్' షెల్ ఇవ్వాలి. అది ఇచ్చిన వెంటనే కొన్ని లినక్స్‌లలో ఎఫ్‌టీపీ కూడా '530, లాగిన్ తప్పు' అంటుంది. పాస్‌వర్డ్ సరైనదే. అనుమతించిన షెల్స్ జాబితాలో నోలాగిన్ లేకపోవడమే కారణం. అది తెలియక పాస్‌వర్డ్ పదిసార్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఇంకో పెద్ద లోటు ఎఫ్‌టీపీ పుట్టుకలోనే ఉంది. పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా ప్రయాణిస్తుంది. దారిలో ఉన్నవాడెవడైనా చదవొచ్చు. ఎన్ని గోడలు కట్టినా తాళంచెవే దొరికితే ఏం లాభం? 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని పూర్తిగా వదిలేశాయి. ఇప్పటికీ వాడుతున్నవాళ్లు కనీసం టీఎల్ఎస్ అనే తొడుగైనా వేసుకోవాలి. అంతకన్నా మంచిది ఎస్ఎఫ్‌టీపీకి మారడం. ఇది ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌తోనే వస్తుంది. పాస్‌వర్డ్, ఫైళ్లు రెండూ రహస్యలిపిలో వెళతాయి.

యూజర్ని బంధించే 'సీహెచ్‌రూట్ డైరెక్టరీ' అనే సెట్టింగ్ ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లోకి 2008లో వచ్చింది. స్టూడియోలన్నింటినీ ఓ గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకి ఈ సెట్టింగ్ పెట్టి, లోపలి ఎస్ఎఫ్‌టీపీ తప్ప వేరే ఆదేశం నడవకుండా కట్టేస్తే చాలు. ఇది వీఎస్ఎఫ్‌టీపీడీ కన్నా పట్టుదల గలది. గది ఒక్కటే కాదు, వేరు నుంచి ఆ గది దాకా దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీకీ యజమాని రూటే అయి ఉండాలి. గ్రూపుకి గానీ, ఇతరులకి గానీ రాసే హక్కు ఎక్కడా ఉండకూడదు. ఒక్కచోట తేడా వచ్చినా లోపలికి రానిచ్చినట్టే రానిచ్చి మెడపట్టి గెంటేస్తుంది.

విండోస్ వాడేవాళ్లూ బెంగపడక్కర్లేదు. విండోస్ సర్వర్ 2003తో వచ్చిన ఐఐఎస్ 6 నుంచి 'యూజర్ ఐసొలేషన్' అనే ఏర్పాటు ఉంది. ఎఫ్‌టీపీ ఫోల్డర్ కింద 'లోకల్‌యూజర్' అని ఓ ఫోల్డర్, దాని కింద యూజర్ పేరుతోనే మరో ఫోల్డర్ ఉండాలి. స్పెల్లింగ్ తేడా వస్తే యూజర్‌కి ప్రవేశం లేదు.

దొంగలా ఆలోచించండి

కట్టాక పరీక్షించాలి. ఆ పరీక్ష యజమానిలా కాదు, దొంగలా చేయాలి. మేనల్లుడు రెండు ఉత్తుత్తి ఖాతాలు తెరిచాడు. మొదటి ఖాతాతో వచ్చి రెండు చుక్కలు నొక్కాడు. కదల్లేదు. ఎక్కడున్నానని అడిగితే సర్వర్ ఏటవాలు గీత ఒక్కటే చూపించింది. అంటే గదే వేరు అయిందన్నమాట. రెండో ఖాతా ఫోల్డర్ పేరు పూర్తి దారితో సహా టైపు చేశాడు. అలాంటిదేమీ లేదంది. ఈటీసీలోని ఫైలు ఒకటి దించబోయాడు. అదీ లేదంది. ఆ తర్వాత ఫొటోలు ఎక్కించడం, పేరు మార్చడం, చెరపడం సొంత ఫోల్డర్లో సవ్యంగా జరుగుతున్నాయో లేదో చూశాడు. ఎస్ఎస్‌హెచ్‌తో కూడా ఓసారి తలుపు తట్టాడు. తెరుచుకోలేదు.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. సెట్టింగులు మార్చకముందే లోపలికి వచ్చి కూర్చున్నవాళ్లకి పాత పద్ధతే కొనసాగుతుంది. వాళ్లందర్నీ ఓసారి బయటికి పంపి, మళ్లీ రమ్మనాలి.

ఇంత చేసినా సీహెచ్‌రూట్ కోట కాదు. అది ఫైళ్ల చుట్టూ గోడ మాత్రమే. రూట్ అధికారం చేజిక్కినవాడు ఆ గోడ దూకగలడు. సర్వర్ ప్రోగ్రామ్‌లోనే లోపం ఉంటే గోడలు పనిచేయవు. 2011లో వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 ప్రతిలోకి ఎవరో దొంగదారి చొప్పించారు. యూజర్ పేరులో నవ్వుముఖం గుర్తు టైపు చేస్తే చాలు, వెనక తలుపు తెరుచుకునేది! వెంటనే పట్టుకుని ఆ ప్రతిని తీసేశారు. కాబట్టి ప్రోగ్రామ్‌ని ఎప్పటికప్పుడు తాజా చేసుకోవడం, రోజూ నకలు తీయడం, వారానికోసారి లాగ్ తిరగేయడం తప్పవు.

అడిగే హక్కు ఉంది

'ఇదంతా కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకు?' అనుకోవడానికి లేదు. 2017 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అక్కడి ఆసుపత్రులకి, పంటి డాక్టర్లకి ఓ హెచ్చరిక పంపింది. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా దూరగలిగే ఎఫ్‌టీపీ సర్వర్ల మీద నేరగాళ్లు కన్నేశారని, రోగుల వివరాలు చేజిక్కించుకుని బెదిరిస్తున్నారని చెప్పింది. పంటి నొప్పికి వెళ్లినవాళ్లకి తమ కాగితాలు ఏ కంప్యూటర్లో ఉన్నాయో ఏం తెలుసు?

పెళ్లి ఫొటోలు, స్కానింగ్ రిపోర్టులు, పన్ను కాగితాలు... ఇచ్చేది ఓ మనిషి చేతికే అయినా, చేరేది ఏదో ఒక సర్వర్‌కి. ఈసారి ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. 'మా ఫైళ్లు ఇంకెవరికి కనిపిస్తాయి?', 'పని పూర్తయ్యాక ఎన్నాళ్లకి తీసేస్తారు?' జవాబు తడబడితే జాగ్రత్తపడొచ్చు. ఇంకో మాట... ఆల్బమ్ చేతికి వచ్చేదాకా ఫొటోల నకలు ఒకటి ఇంట్లో ఉంచమని ఫొటోగ్రాఫర్ని అడిగి తీసుకోండి.

గుడివాడ ఆల్బమ్ పదిరోజులు ఆలస్యంగానైనా ఇంటికి చేరింది. తాతగారు అక్షింతలు వేస్తున్న ఫొటోని ల్యాబ్‌వాళ్లు విడిగా పెద్దది చేసి, డబ్బు తీసుకోకుండా పంపారు. తెనాలి అబ్బాయి మీద ఎవరూ కేకలేయలేదు. తప్పు అతడి వేలిది కాదు, లేని గోడదని అప్పటికి అందరికీ అర్థమైంది.

ల్యాబ్ యజమాని మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉత్తుత్తి ఖాతాతో సర్వర్లోకి వెళ్లి, రెండు చుక్కల మీద నొక్కి చూస్తుంటాడు. గది కదలదు. అప్పుడు స్థిమితంగా షట్టర్ దించి ఇంటికి బయల్దేరతాడు.